ఒక్కటి పోతే యాభై పారేస్తున్నాం: పండుగ సీరియల్ సెట్ల నుంచి ఎల్ఈడీలు తీసుకునే పద్ధతి

నిమజ్జనం అయిన రెండు మూడు రోజులకు వరంగల్, హన్మకొండ, కాజీపేట గల్లీల్లో వినాయక మండపాలు విప్పుతారు. కర్రలు, టార్పాలిన్లు టెంట్ హౌస్‌కు వాపసు పోతాయి. సీరియల్ సెట్లు మాత్రం చిక్కుపడ్డ ముద్దలుగా ఓ మూలకు చేరతాయి. దసరాకు వాటిని బయటికి తీసి ప్లగ్గు పెడితే ఒకటి సగం వరకే వెలుగుతుంది, ఇంకొకటి అసలే వెలగదు. చిక్కు తీసే ఓపిక ఎవరికీ ఉండదు. కొత్త సెట్టు వంద రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది కాబట్టి పాతది చెత్తబండి ఎక్కుతుంది. దీపావళికి, క్రిస్మస్‌కు, పెళ్ళిళ్ళ సీజన్‌కు మళ్ళీ ఇదే వరస.

అలా పారేసిన ముద్దలో నిజంగా పాడైనవి చాలాసార్లు ఒకటో రెండో ఎల్ఈడీలు. మిగతావన్నీ బాగానే ఉంటాయి. బడి పిల్లల సైన్స్ ఫెయిర్ నమూనాలకు, కరెంటు పోయినప్పటి దీపానికి, కబడ్డీ స్కోరు బోర్డుకు, ఆర్డ్యునో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) నేర్చుకునేవాళ్ళ ప్రయోగాలకు అవి చక్కగా సరిపోతాయి.

డబ్బు లెక్క ముందే చెప్పుకోవడం మంచిది. కొత్త 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు కట్టగా కొంటే ఒక్కోటి రూపాయి, రెండు రూపాయల్లో వస్తాయి. పదో ఇరవయ్యో కావాలంటే కొనుక్కోవడమే సులువు. వందల్లో కావాల్సినప్పుడు, ప్రతిదానికీ రెండు వైపులా వైరు అతికి ఉండాల్సినప్పుడు, పిల్లలు నేర్చుకుంటూ పది మాడ్చినా బాధ లేకుండా ఉండాల్సినప్పుడు పాత సెట్టు విలువ తెలుస్తుంది. అయితే కత్తిరించడం అరగంట పని, ఏరడం రెండు గంటల పని. ఏరకుండా వాడితే చేసిన వస్తువు నెల తిరగకముందే మిణుకుమిణుకుమంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఏరడం గురించే.

దండలో ఒక పువ్వు రాలితే

230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించే చౌక సెట్లో ఎల్ఈడీలు దండకు గుచ్చినట్టు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. తెల్ల ఎల్ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావాలి. అలాంటివి 60 వరుసగా కలిపితే 180 వోల్టులు అవే తీసుకుంటాయి, మిగిలిన వోల్టేజీని ఒక రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం) భరిస్తుంది. ఆ రెసిస్టర్ కొన్నిసార్లు కంట్రోలర్ డబ్బాలో ఉంటుంది, కొన్నిసార్లు దండ మధ్యలోనే ఉంటుంది. వేలితో తడుముతూ పోతే ఒకచోట స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) లావుగా, బల్బు లేకుండా తగులుతుంది. అదే రెసిస్టర్.

ఈ వరుసలో ఒక ఎల్ఈడీ కాలు తుప్పు పట్టి తెగితే కరెంటు దారి అక్కడే ఆగుతుంది, ఆ వరుస మొత్తం ఆరిపోతుంది. వినాయక చవితి వానాకాలంలో వస్తుంది కాబట్టి మండపం సెట్లలో ఈ జబ్బు మరీ ఎక్కువ. స్లీవ్‌లోకి దిగిన నీళ్ళు బయటికి రావు, లోపలే ఉండి కాలును తినేస్తాయి. చౌక ఎల్ఈడీల కాళ్ళు చాలావరకు ఇనుపవి, పైన సన్నటి పూత మాత్రమే. చిన్న అయస్కాంతం దగ్గర పెడితే అతుక్కుంటాయి.

తెగడం కాకుండా లోపల షార్ట్ అయితే కథ వేరు. ఆ ఒక్కటి ఆరిపోతుంది, మిగతావన్నీ వెలుగుతూనే ఉంటాయి, కాకపోతే ప్రతిదాని మీదా భారం కొంచెం పెరుగుతుంది. అలా ఐదారు షార్ట్ అయ్యేసరికి మిగతావి వరసగా మాడడం మొదలవుతుంది. సెట్టు సగమే వెలగడానికి కారణం ఏమిటంటే, ఒక్కో సెట్టులో రెండు మూడు వరుసలు విడివిడిగా ఉంటాయి. వాటిలో ఒక్క వరుసే ఆగిపోతుంది.

వైరు సంగతి కూడా తెలిసి ఉండాలి. చాలా సెట్లలో వైరు లోపలిది అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. పది సార్లు వంచితే తెగుతుంది, అందుకే కంట్రోలర్ డబ్బా మూతి దగ్గర ముందు తెగేది అదే. పాత సామాను దుకాణంవాళ్ళు ఈ వైరుకు పెద్దగా ధర కట్టకపోవడానికి కారణం ఇదే.

ప్లగ్గు దగ్గర పాటించాల్సినవి

ఈ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. డబ్బా విప్పితే నాలుగు 1ఎన్4007 డయోడ్లు, రెండు మూడు పీసీఆర్406 థైరిస్టర్లు, నల్లటి బొట్టు కింద దాగిన ఒక చిప్పు, ఒకటి రెండు రెసిస్టర్లు, ఓ చిన్న కెపాసిటర్ కనిపిస్తాయి. అంటే బల్బు కాలు మీద ఉన్నది కూడా మెయిన్స్ కరెంటే, గోడ బోర్డు నుంచి నేరుగా వచ్చేదే. రెండు పిన్నుల ప్లగ్గును ఎటైనా పెట్టవచ్చు కాబట్టి ఏ వైరు ఫేజో, ఏది న్యూట్రలో చెప్పలేం. బటన్ నొక్కి ఆపినా, అన్ని బల్బులు ఆరి ఉన్నా, వైరులో కరెంటు ఉండవచ్చు. పాడైన బల్బును వెతకాలని ప్లగ్గులో ఉండగానే స్లీవ్ గీకడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

కాబట్టి మొదటి పని ప్లగ్గు తీసేసి, ప్లగ్గు దగ్గరే వైరు కత్తిరించడం. అప్పుడిక పొరపాటున కూడా ఎవరూ బోర్డులో పెట్టలేరు. కొన్ని సెట్లలో 400 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ ఉంటుంది, అది ప్లగ్గు తీసినా కొంతసేపు చార్జి పట్టుకుని ఉంటుంది. పది నిమిషాలు ఆగి, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఆ కెపాసిటర్ రెండు కాళ్ళకు తాకించాకే డబ్బా లోపలి భాగాలు ముట్టుకోవాలి.

చెడిపోయిన ముక్క తీసేసి మిగిలిన ఎల్ఈడీలతో చిన్న సెట్టు చేసి మళ్ళీ ప్లగ్గులో పెడితే పోలేదా అని చాలామందికి అనిపిస్తుంది. పెట్టకూడదు. ఉదాహరణకు 60 తెల్ల ఎల్ఈడీల వరుసకు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందనుకుందాం. 230 వోల్టుల ఏసీ కరెంటు శిఖరం దగ్గర 325 వోల్టులకు చేరుతుంది. 325లోంచి 180 తీసేసి 4,700తో భాగిస్తే శిఖరం దగ్గర 31 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. అదే వరుసను 40కి కుదిస్తే ఎల్ఈడీలు తీసుకునేది 120 వోల్టులే, కరెంటు 44 మిల్లీ ఆంపియర్లకు పోతుంది. మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ నిలకడగా తట్టుకునేది 20. శిఖరం కాకుండా సగటు చూసినా, 60 ఉన్నప్పుడు ఆ 20 లోపే ఉండే కరెంటు 40కి కుదిస్తే దాన్ని దాటుతుంది. రెసిస్టర్ వేడెక్కి స్లీవ్ కరుగుతుంది, పక్కనే డెకరేషన్ చీరె ఉంటే అంటుకుంటుంది. పాత సెట్టు నుంచి తీసిన ఎల్ఈడీలకు ఇక మీదట 5 వోల్టుల చార్జరో, 12 వోల్టుల బ్యాటరీయో తప్ప మెయిన్స్ చూపించకూడదు.

ముద్దలో ఏమేం ఉంటాయి

ఎక్కువగా దొరికేది స్లీవ్ రకం. ఎల్ఈడీ కాళ్ళకు వైర్లు సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికి), పైన పారదర్శకమైన స్లీవ్ తొడిగి ఉంటుంది. కొన్నిటికి పువ్వు, చుక్క, దీపం ఆకారంలో ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. ఆ టోపీని పారేయొద్దు. వెలుగును మెత్తగా పరిచే పని అది చేసినంత బాగా ఇంకేదీ చేయదు. రెండోది హోల్డర్ రకం. దీనిలో ఎల్ఈడీ కాళ్ళు కిందికి మడిచి గూట్లో గుచ్చి ఉంటాయి, లాగితే ఊడి వస్తుంది. కాళ్ళు అర సెంటీమీటరు మాత్రమే మిగులుతాయి కాబట్టి బ్రెడ్‌బోర్డులో (భాగాలను గుచ్చి కలిపే రంధ్రాల పలకలో) సరిగా కూర్చోవు, సోల్డర్ చేసి వాడుకోవాలి.

మూడోది వెంట్రుకంత రాగి తీగ మీద చుక్కల్లా ఎల్ఈడీలు అతికిన రకం, పెన్సిల్ సెల్లు లేదా యూఎస్‌బీతో నడిచేది. ఇందులో ఎల్ఈడీలన్నీ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. ఒక్కో ఎల్ఈడీని విడదీయడం శ్రమ దండగ. కావాల్సినంత తీగ ముక్కగా కత్తిరించి, కొస దగ్గర పూతను బ్లేడుతో గీకి, రెండు మూడు పెన్సిల్ సెల్లకు సరైన రెసిస్టర్‌తో కలుపుకోవడమే మేలు. పూత పూర్తిగా గీకకపోతే సోల్డర్ గోళీలా జారిపోతుంది తప్ప అంటదు.

మూడు వైర్లున్న పిక్సెల్ లైట్లు నాలుగోవి. పెళ్ళి డెకరేషన్, పెద్ద మండపాల లైటింగ్‌వాళ్ళ దగ్గర ఇవి ఉంటాయి. చెత్తలో దొరికే వాటన్నిటిలో విలువైనవి ఇవే. వాటి సంగతి తర్వాత.

కత్తిరించే తీరు

స్లీవ్ రకం దండలో వైర్లన్నీ ఒకే రంగువి, ఆకుపచ్చవో తెల్లవో. కత్తిరించగానే ఏ కాలు ప్లస్సో ఏది మైనస్సో తెలియకుండా పోతుంది. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఒక వరుసలో ఎల్ఈడీలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండక తప్పదు, లేకపోతే కరెంటే పారదు. కాబట్టి మెలి తిప్పిన వైర్లను ముందు విడదీసి, ఒక వరుసను బల్ల మీద చాపి, మొదటి ఎల్ఈడీకి ఏ వైపు ప్లస్సో టెస్టర్‌తో (పెన్సిల్ సెల్లతో చేసుకునేది, తీరు కింద 'ఏరడం'లో ఉంది) చూసుకోవాలి. ఆ తర్వాత రెండు ఎల్ఈడీల నడిమికి కాకుండా, ప్రతిసారీ ఒక ఎల్ఈడీకి మైనస్ వైపు రెండు సెంటీమీటర్లు మాత్రమే వదిలి కత్తిరించాలి. అప్పుడు ప్రతి ఎల్ఈడీకి ప్లస్ వైపు పొడుగు వైరు, మైనస్ వైపు పొట్టి వైరు మిగులుతాయి. కొత్త ఎల్ఈడీలో పొడుగు కాలు ప్లస్ అయినట్టే ఇదీ గుర్తుంటుంది. 50 ఎల్ఈడీల వరుసకు పట్టేది ఐదు నిమిషాలు.

తల లోపల పెద్ద ముక్క ఉన్న వైపు మైనస్ అని చెబుతుంటారు. చాలావాటికి అది నిజమే గానీ కొన్ని ఎర్ర ఎల్ఈడీల్లో తిరగబడి ఉంటుంది. టెస్టర్ చెప్పిందే నమ్మాలి.

సర్క్యూట్ బోర్డు మీద పెట్టాలంటే స్లీవ్‌ను పొడుగునా బ్లేడుతో చీల్చి వైరు ఊడదీయాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. కాలును ట్వీజర్‌తో తలకు దగ్గరగా పట్టుకుంటే వేడి అక్కడే ఆగుతుంది. మొన ఆనించి మూడు సెకన్లలో పని అయిపోవాలి, కాకపోతే తీసి చల్లారనిచ్చి మళ్ళీ ఆనించాలి. తుప్పు పట్టిన కాలుకు సోల్డర్ పట్టదు. గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ (సోల్డర్ అంటడానికి రాసేది) రాసి, పలుచగా సోల్డర్ పూత వేశాకే వాడాలి. రుద్దుతుంటే కాలు సన్నబడి వంగితే దాన్ని వదిలేయడమే మంచిది.

ఏరడం

టెస్టర్‌కు కావాల్సినవి మూడు పెన్సిల్ సెల్లు, వాటి డబ్బా, 150 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, ఒక చిన్న టాగుల్ స్విచ్చు, రెండు మొసలి క్లిప్పులు. స్టేషన్ రోడ్డు వైపో, హన్మకొండ చౌరస్తా వైపో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలో అడిగితే ఇవన్నీ దొరుకుతాయి. స్విచ్చు ఒక పక్కకు వేస్తే 150 ఓమ్‌ల గుండా, రెండో పక్కకు వేస్తే 47 కిలో ఓమ్‌ల గుండా కరెంటు పోవాలి. సెల్లకు బదులు 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు, దానికి కారణం ఉంది. ఎల్ఈడీని తిరగేసి పట్టుకుంటే అది తట్టుకునే హద్దు 5 వోల్టులని తయారీదారులు రాస్తారు. మూడు సెల్లు కలిపితే 4.5 వోల్టులు, తిరగేసి తాకినా హద్దు దాటదు. ఏరేటప్పుడు సగం సార్లు తిరగేసే తాకిస్తాం కదా.

మొదట 150 ఓమ్‌ల వైపు. తెల్లదానికి 10 మిల్లీ ఆంపియర్లు, ఎర్రదానికి 17 దాకా పోతాయి. ఇక్కడ వెలగనివి, వైరు కదిపితే ఆరి వెలిగేవి నేరుగా పారేయాల్సిన కుప్పలోకి. వెలిగినవాటిలో కొన్ని తమంతట తామే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని రంగులు మార్చుకుంటాయి. వాటి తలలో ఎల్ఈడీ చిప్పులతో పాటు ఒక నల్లటి చిన్న ముక్క కూడా ఉంటుంది, వెలుతురుకు ఎత్తి చూస్తే కనిపిస్తుంది. వీటిని వేరే డబ్బాలో పెట్టాలి. మామూలు ఎల్ఈడీతో వరుసలో కలిపితే దాన్నీ తమతో పాటు ఆడిస్తాయి. ఆర్డ్యునోతో వెలుగు తగ్గించి పెంచాలని చూస్తే పిచ్చిపిచ్చిగా మిణుకుతాయి. 5 వోల్టులకు 100 ఓమ్‌లతో విడిగా వాడుకుంటే బాగుంటాయి.

అసలు పరీక్ష రెండోది. స్విచ్చు 47 కిలో ఓమ్‌ల వైపు వేస్తే ఎల్ఈడీలోకి పోయేది 40, 50 మైక్రో ఆంపియర్లు మాత్రమే. గదిలో లైటు ఆపి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఎల్ఈడీ ఇంత కొద్దిపాటి కరెంటుకు కూడా మసకగా, స్పష్టంగా వెలుగుతుంది. లోపల దెబ్బతిన్నదానిలో కరెంటుకు దొంగదారి ఏర్పడి ఉంటుంది. ఆ కొద్ది కరెంటు అటే కారిపోతుంది, ఎల్ఈడీ చీకటిగా ఉంటుంది. అదే ఎల్ఈడీ 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిక్షేపంగా వెలుగుతుంది, ఎందుకంటే దొంగదారిలో పోగా మిగిలింది చాలినంత ఉంటుంది. మల్టీమీటరుకు కూడా ఇది అంత సులువుగా దొరకదు. రెండు నెలల తర్వాత ఆరిపోయేవి ఎక్కువగా ఇవే. పాత సెట్టు ఎల్ఈడీలు మన్నవని అనేవాళ్ళు ఈ రెండో పరీక్ష చేసి ఉండరు.

మల్టీమీటరులో డయోడ్ గుర్తు దగ్గర పెట్టి చూస్తే ఎర్రవి 1.8 నుంచి 2.2 దాకా చూపుతాయి. నీలం, తెలుపు, ఇప్పటి ఆకుపచ్చ 3 దగ్గర ఉంటాయి. చౌక మీటర్లు ఆ గుర్తు దగ్గర 2, 3 వోల్టులే ఇస్తాయి కాబట్టి తెల్లదానికి ఏమీ చూపకపోవచ్చు, దాన్నిబట్టి ఎల్ఈడీ పోయిందనుకోకూడదు. రంగును బట్టి వోల్టేజీ మారడానికి కారణం పదార్థం. ఎరుపు కాంతికి శక్తి తక్కువ చాలు, నీలానికి ఎక్కువ కావాలి. కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీ 1962లోనే వచ్చింది. వెలుగు చాలినంత ఉండే నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది, ఆ పని చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు పూత. అందుకే నీలానికీ తెలుపుకీ ఒకే వోల్టేజీ. ఎర్ర బల్బు అనుకున్నది 3 వోల్టులు అడిగితే లోపలున్నది ఎర్ర చిప్పు కాదని, పైన రంగు పూశారని అర్థం.

ఎండలో నెలల తరబడి వేలాడిన సెట్లలో ఎల్ఈడీ తల పసుపెక్కుతుంది. మేలో 44, 45 డిగ్రీల ఎండ చూసే ఊళ్ళలో ఇది మామూలే. అవి వెలుగుతాయి, వెలుగు తగ్గుతుంది. సూచిక దీపంగా పనికొస్తాయి, గదికి పనికిరావు.

స్కోరు బోర్డు అంకెల లాంటి వాటికి అన్నీ ఒకే వెలుగుతో ఉండాలి. దానికి బాగున్న ఒక ఎల్ఈడీని నమూనాగా పెట్టుకుని, 12 వోల్టులకు 680 ఓమ్‌ల రెసిస్టర్‌తో, పరీక్షించే ఎల్ఈడీని దానితో వరుసలో కలపాలి. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు. రెండింటి మీదా ఒక తెల్ల కాగితం కప్పి చూస్తే తేడా చటుక్కున పట్టుబడుతుంది. నేరుగా తలలోకి చూస్తే కళ్ళు బైర్లు కమ్మి ఏదీ తెలియదు.

వాడేటప్పుడు లెక్క

సరఫరా వోల్టేజీలోంచి ఎల్ఈడీలు తీసుకునేది తీసేసి, కావాల్సిన కరెంటుతో భాగిస్తే రెసిస్టర్ వస్తుంది. పాత ఎల్ఈడీలకు 20 వరకు పోకుండా 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగాలి. వెలుగు కొద్దిగా తగ్గుతుంది, ఆయుష్షు చాలా పెరుగుతుంది. 5 వోల్టుల ఫోన్ చార్జరుకు తెల్లది ఒకటైతే 220 ఓమ్‌లు, ఎర్రది ఒకటైతే 330.

విడిగా కత్తిరించిన పది ఎల్ఈడీలను పక్కపక్కన కలిపి అన్నింటికీ ఒకే రెసిస్టర్ పెట్టడం అందరూ చేసే తప్పు. పాత సెట్టు నుంచి తీసిన వాటి మధ్య 0.1, 0.2 వోల్టుల తేడా ఉంటుంది. తక్కువ వోల్టేజీది ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, వేడెక్కుతుంది, వేడెక్కితే దాని వోల్టేజీ ఇంకా తగ్గుతుంది, ఇంకా లాక్కుంటుంది. అది మాడిపోగానే తర్వాతి దాని వంతు. ఒక్కో ఎల్ఈడీకి, లేదా ఒక్కో వరుసకు, ఒక్కో రెసిస్టర్ ఉండాల్సిందే. రెసిస్టర్ ఖరీదు ఎల్ఈడీ కంటే తక్కువ.

కరెంటు పోయినప్పటి దీపానికి పాత యూపీఎస్‌లోని 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ సరిపోతుంది. మూడేసి తెల్ల ఎల్ఈడీల వరుసలు ఎనిమిది, అంటే 24 ఎల్ఈడీలు. ఒక్కో వరుసకు 220 చాలదా అనిపించినా 330 ఓమ్‌లే పెట్టాలి. చార్జింగులో ఉన్నప్పుడు ఆ బ్యాటరీ 14.4 వోల్టుల దాకా పోతుంది. 220 పెడితే అప్పుడు 23 మిల్లీ ఆంపియర్లు పోతాయి, 330తో 15 దగ్గర ఆగుతాయి. నిండు బ్యాటరీ మీద ఎనిమిది వరుసలూ కలిపి 80 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటాయి. బాగున్న బ్యాటరీలో సగం మాత్రమే వాడినా నలభై గంటలు దాటుతుంది. ప్లస్ వైరులో బ్యాటరీకి ఆనుకునే 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, ఎందుకంటే చిన్న బ్యాటరీ అయినా షార్ట్ అయితే వైరును ఎర్రగా కాల్చేస్తుంది. ఈ వెలుగు అన్నం వడ్డించుకోవడానికి, మెట్లు దిగడానికి చాలు. పిల్లలు చదువుకోవడానికి చాలదు, దానికి వేరే దీపం చూసుకోవాలి.

పిక్సెల్ లైట్లు

పిక్సెల్ దండలో ప్రతి బల్బులో సొంత చిప్పు ఉంటుంది, ఎక్కువగా డబ్ల్యూఎస్2811. ఒక వైరు ప్లస్, ఒకటి మైనస్, నడిమిది సమాచారానిది. ప్రతి చిప్పు తన రంగు చెప్పే 24 బిట్ల సమాచారం తీసుకుని, మిగతావి పక్కదానికి అందిస్తుంది. ఒక్కటి పోతే తర్వాతివాటికి సమాచారం అందదు. సీరియల్ సెట్టులో కరెంటు దారి తెగినట్టే ఇక్కడ మాట దారి తెగుతుంది, ఫలితం మాత్రం అదే. నలభై మంచి పిక్సెళ్ళు చెత్తలోకి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం తేలిక. ఆర్డ్యునోకు కలిపి వెలిగిస్తే వరుసగా వెలుగుతూ వచ్చి ఒకచోట ఆగుతుంది. దోషం ఆఖరున వెలిగిన దాని అవుట్‌పుట్‌లోనైనా ఉండాలి, వెలగని మొదటిదాని ఇన్‌పుట్‌లోనైనా ఉండాలి. రెండింటినీ తీసేసి వైర్లు కలిపితే చాలావరకు మిగతా దండ లేస్తుంది. కత్తిరించేటప్పుడు సమాచారం ఏ దిక్కుకు పోతోందో ప్రతి ముక్క మీద గుర్తు పెట్టాలి, తిరగేసి కలిపితే ఏదీ వెలగదు. దండ 5 వోల్టులదా, 12 వోల్టులదా అన్నది దాని పాత సప్లయి మీద చూసుకోవాలి. 5 వోల్టుల దానికి 12 ఇస్తే ఒక్క క్షణంలో అన్నీ పోతాయి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వెలిగితే బల్బు తప్పు కాదు, ప్రోగ్రాంలో రంగుల క్రమం మార్చుకోవాలి. పూర్తి తెలుపులో ఒక్కో పిక్సెల్ 60 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, 50కి 3 ఆంపియర్లు. ఆర్డ్యునో బోర్డులోంచి అంత కరెంటు లాగకూడదు, వేరే సప్లయి పెట్టి మైనస్‌లు రెండూ కలపాలి. సమాచారం వైరులో 330 ఓమ్‌లు, సప్లయి దగ్గర 1000 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెడితే మొదటి పిక్సెల్ ఎక్కువ కాలం బతుకుతుంది.

మిగిలిన చెత్త

కంట్రోలర్ డబ్బా నుంచి నాలుగు 1ఎన్4007 డయోడ్లు తీసుకోవచ్చు, ఎక్కడైనా పనికొస్తాయి. నల్లబొట్టు చిప్పుతో ఇంకో పని చేయించాలని చూడటం వృథా. వైరును కాల్చి రాగి తీద్దామనుకోవద్దు. వచ్చే రాగి దాదాపు లేదు, వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది ఊపిరితిత్తులను కోస్తుంది. మిగిలిన వైరు, పోయిన ఎల్ఈడీలు తడి చెత్తలో కలపకుండా ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి. సోల్డర్‌లో సీసం ఉండవచ్చు కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలతో కూడా కడిగించాలి.

బతుకమ్మకు

ఏరిన ఎల్ఈడీలకు ఈ ప్రాంతంలో అన్నింటికంటే ముచ్చటైన వాడకం ఇది. మూడు పెన్సిల్ సెల్లు, ఆరు తెల్ల ఎల్ఈడీలు, ఒక్కోదానికి 150 ఓమ్‌ల రెసిస్టర్. మొత్తం 60 మిల్లీ ఆంపియర్లు, ఒక రాత్రి ఆటకు మామూలు సెల్లే చాలు. రంగువి కావాలంటే ఎర్రవాటికి 270 ఓమ్‌లు. రంగు వేయని తెల్ల గునుగు పూల వెనుక ఎల్ఈడీ ఉంచితే వెలుగు పువ్వంతా పాకుతుంది. తంగేడు వెనుక పెడితే అంతగా కనిపించదు, ఆ రేకులు వెలుగును ఆపేస్తాయి.

ఇందులో తప్పు జరిగేది ఒకేచోట. తాంబాలం ఇత్తడిది, పూలు తడివి. స్లీవ్ లేని జాయింట్ తాంబాలానికి తగిలితే సెల్లు షార్ట్ అయి వేడెక్కుతాయి. ప్రతి జాయింట్‌కు స్లీవ్ వేసి, సెల్ల డబ్బాను చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. ఎల్ఈడీలను పూల వరుసల మధ్య గుచ్చకుండా, సన్నటి ప్లాస్టిక్ పైపును వలయంగా వంచి దానికి కట్టి, వలయాన్ని తాంబాలం అంచున బతుకమ్మ చుట్టూ కూర్చోబెట్టాలి. పద్మాక్షి గుట్ట దగ్గరైనా, ఊరి చెరువు దగ్గరైనా, సద్దుల నాడు ఆట ముగిసి నీళ్ళ వైపు నడిచేటప్పుడు ఆ వలయాన్ని రెండు చేతులతో పైకెత్తి తీసేస్తే ఒక్క పువ్వు కూడా కదలదు. సెల్లు, వైర్లు ఇంటికి, పూలు మాత్రమే నీళ్ళలోకి.